ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా (462): ఏడాది బతుకులో మంచెంత, చెడెంత? లెక్కతో చెప్పండి

కాణిపాకం_దారి అడిగారు:

అన్నలకూ అక్కలకూ నమస్కారం. వయసు 28, ఊరు చిత్తూరు పక్కన. డిగ్రీ అయింది. తిరుపతిలో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పని. ఈసారి 462 బ్యాలెట్‌లో (ఏడాది అక్కడ తిరుగుతూ పని చేసుకునే ఈ వీసాకు తీసే లాటరీ) పేరు వేద్దామని ఉంది. వీడియోలు చూస్తే రెండు రకాలే ఉన్నాయి. ఒకదాంట్లో సముద్రం ఒడ్డున నవ్వులు, ఇంకోదాంట్లో కార్లో కూర్చోని ఏడుపు. నాకు ఆ రెండూ వద్దు, లెక్క కావాల.

ఎంత డబ్బుతో దిగాల? వారానికి చేతిలో ఎంత మిగులుతుంది? తోట పని తప్పనిసరా? అన్నిటికంటే దెబ్బకొట్టేది ఏది? ఇంకోటి, బ్యాలెట్‌లో పేరు వచ్చేటట్టు చేస్తామని ఇక్కడ ఒక కన్సల్టెన్సీ లక్షన్నర అడుగుతా ఉంది. ఇయ్యొచ్చా?

---

రేణిగుంట_జంక్షన్:

చివరి ప్రశ్నకు ముందు జవాబు: ఇయ్యొద్దు. కొండమీద ఆర్జిత సేవలకు లక్కీడిప్ తీస్తారే, బ్యాలెట్ కూడా అట్లాంటిదే. రిజిస్ట్రేషన్ 25 ఆస్ట్రేలియా డాలర్లు, ఇమ్మీఅకౌంట్‌లో (వాళ్ల వీసా వెబ్‌సైట్‌లో మనం తెరిచే ఖాతా) మనమే కట్టుకోవచ్చు. పేరు పైకి లాగే తాడు ఎవరి చేతిలోనూ లేదు. భారతీయులకు ఏడాదికి 1,000 చోట్లు. 2024 అక్టోబరులో మొదటిసారి తెరిస్తే రెండు వారాల్లోనే 40,000 మంది దాకా పేర్లు వేశారు. కన్సల్టెన్సీ కిటుకు ఏమంటే, వందమంది పేర్లు వేస్తే లాటరీలో ఒకరిద్దరికి ఎట్లాగూ తగలొచ్చు. ఆ తగిలినోడి ఫోటోను బోర్డుమీద పెట్టి తర్వాతి వందమందిని పిలుస్తారు.

ఇంక కాగితాలు. రిజిస్ట్రేషన్‌కు పాస్‌పోర్టుతోపాటు పాన్ కార్డు కావాల. మనవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. పాన్ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, డిగ్రీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు వెనక్కి పోయుంటుంది. మూడూ ఒకే తీరుగా లేకపోతే బ్యాలెట్ తెరవకముందే పాన్ సరిచేయించుకో. పేరు వచ్చినాక పరుగెత్తితే టైం చాలదు, ఎందుకంటే ఎంపికయినాక అప్లికేషన్ వేయడానికి 28 రోజులే ఇస్తారు.

ఆ 28 రోజుల కోసం ముందే చేతిలో ఉండాల్సినవి:

– ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువుకు రుజువు. నీకు డిగ్రీ ఉంది కాబట్టి సర్టిఫికెట్, మార్కుల జాబితాలు చాలు.
– ఇంగ్లీషు రుజువు. ఐఈఎల్‌టీఎస్ సగటు 4.5 సరిపోతుంది. డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియంలోనే చదివినట్టు కాలేజీ లెటర్ కూడా పనికొస్తుంది. ఆ లెటర్ కోసం ప్రిన్సిపాల్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో నీకు నేను చెప్పనక్కర్లేదు, ఇప్పుడే తెచ్చిపెట్టుకో.
– ఖాతాలో 5,000 డాలర్లు, దానిమీద తిరుగు టికెట్టుకు సరిపడా డబ్బు. మన రూపాయల్లో దాదాపు మూడు లక్షలు, టికెట్ ఖర్చు వేరే. చీటీ ఎత్తిందో, బంగారం కుదువపెట్టి తెచ్చిందో అయితే ఆ రసీదులు దాచు. నిన్నటిదాకా పదివేలున్న ఖాతాలో ఇవాళ నాలుగు లక్షలు కనబడితే యాడిదని అడుగుతారు.

పీసీసీకి (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రం చాలు. వేలిముద్రలకూ మెడికల్‌కూ మాత్రం చెన్నైకో బెంగళూరుకో పోవాల. మెడికల్ ఏ డాక్టరు దగ్గరపడితే ఆ డాక్టరు దగ్గర చెల్లదు. ఇమ్మీఅకౌంట్‌లో మెడికల్ కోసం వచ్చే హెచ్ఏపీ నంబరు తీసుకోని వాళ్లు ఒప్పుకున్న ప్యానెల్ క్లినిక్‌కే పోవాల. వీసా ఫీజు 2025 జూలై నుంచి 670 డాలర్లు. అప్లికేషన్ వేసే రోజుకు 31 నిండకూడదు.

---

తోతాపురి:

తోట పని గురించి చెప్తా. ఇది తప్పనిసరి కాదు. మొదటి ఏడాది మొత్తం హోటల్లోనో గిడ్డంగిలోనో చేసుకోవచ్చు. రెండో ఏడాది వీసా కావాలంటేనే నిర్ణీత ప్రాంతాల్లో నిర్ణీత పని మూడు నెలలు, అంటే 88 రోజులు చూపించాల. మూడో ఏడాదికి ఇంకో ఆరు నెలలు. రెండోసారికీ మూడోసారికీ బ్యాలెట్ ఉండదు, అదే దీంట్లో అసలు లాభం. ఒకసారి లోపలికి పోయినోళ్లకు మిగిలిన రెండేళ్లు చేతిపనితోనే వస్తాయి.

చాలామందికి తెలియనిది ఒకటుంది. 462 వాళ్లకు ఉత్తర ఆస్ట్రేలియాలో హోటల్, టూరిజం పని కూడా ఈ 88 రోజుల్లో లెక్కకొస్తుంది. కెయిర్న్స్, డార్విన్ రెండూ అందులో ఉన్నాయి. యూరప్ పిల్లలు వచ్చే 417 వీసా పాత రూల్స్ చదివి మనవాళ్లు 'తోటకే పోవాలంట' అనుకుంటారు. నీకు ఫ్రంట్ ఆఫీసు అనుభవం ఉంది. కెయిర్న్స్‌లో ఒక హోటల్ చూసుకుంటే చేతులు కాయలు కాయకుండానే రోజులు నిండుతాయి.

అయినా తోటకే పోతానంటే మనకు తెలిసిన కాయ మామిడే. కానీ నెలలు తిరగబడతాయి. మనకు తోతాపురి దిగేది మే నుంచి జూలై దాకా. అక్కడ డార్విన్, కాథరిన్ వైపు సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు, క్వీన్స్‌లాండ్‌లో మరీబా వైపు డిసెంబరు, జనవరి. డార్విన్ కాయ కోసేది వానలకు ముందు, ఉక్క పట్టపగలు మనిషిని ఉడకబెట్టే కాలం. చిత్తూరు మే నెల ఎండ అలవాటున్నోడికి ఎండ కొత్త కాదు, ఆ ఉక్క కొత్త. తెల్లారకముందే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆపేస్తారు.

సొన మాత్రం ఎక్కడైనా సొనే. తొడిమ విరిగినప్పుడు చిమ్మేది చర్మంమీద పడితే రెండు మూడు రోజులకు బొబ్బలు లేస్తాయి. కొంతమందికి ముఖమంతా వాస్తుంది, కళ్లు మూసుకుపోతాయి. చిన్నప్పటినుంచి మామిడితోటలో తిరిగినా రాదన్న గ్యారంటీ లేదు. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, మెడకు గుడ్డ వాడాల. మధ్యమధ్యలో సబ్బుతో కడుక్కోవాల. చెమట తుడుచుకునేటప్పుడు గ్లౌజు చెయ్యి ముఖానికి పోనీకూడదు, నూటికి తొంభైమంది చేసే తప్పు అదే. పెద్ద తోటల్లో కాయను డిటర్జెంటు నీళ్లు చల్లే యంత్రంమీద కోస్తారు, కాయకు సొన మచ్చ పడకుండా. ఆ నీళ్లు చేతిని కూడా కొంత కాపాడతాయి.

మదనపల్లె టమాటా మార్కెట్ చూసినోళ్లకు బోవెన్ కూడా వింతగా ఉండదు. క్వీన్స్‌లాండ్‌లో చలికాలం టమాటా అక్కడిదే, మే నుంచి నవంబరు దాకా పని. నడుము వంచే పని, మొదటి పది రోజులు రాత్రి నిద్ర పట్టదు.

జీతం రెండు రకాలు, గంటకింత లేదా బుట్టకింత. బుట్ట లెక్కలోనే మోసాలు జాస్తి. 2022 ఏప్రిల్ 28 నుంచి రూలు మారింది: బుట్ట లెక్కన పని చేసినా, ఎన్ని గంటలు చేశావో ఆ గంటల కనీస జీతం తగ్గకూడదు. అందుకని గంటలు నువ్వు కూడా ఒక నోటులో రాసుకో. మొదలుపెట్టిన టైం, ఆపిన టైం, బుట్టల సంఖ్య, వరుస నంబరు. యజమాని పుస్తకంలో గంటలు లేకపోతే తగాదాలో నిలబడేది నీ నోటే.

88 రోజుల లెక్కలో ఇంకో మెలిక. వారానికి ఐదు రోజులు ఫుల్‌టైం చొప్పున ఒకేచోట మూడు నెలలు చేస్తే శని, ఆదివారాలు కూడా కలుస్తాయి. వాన పడి వారానికి రెండు రోజులే పని దొరికితే ఆ రెండే లెక్క. 'మూడు నెలలు తోటలో ఉన్నాను కదా' అంటే కుదరదు, ఉండడం వేరు, చేయడం వేరు. ప్రతి పేస్లిప్ దాచు, యజమాని ఏబీఎన్ నంబరు (వ్యాపారానికి ప్రభుత్వం ఇచ్చే నంబరు) దానిమీద ఉందో లేదో చూడు. చేతికి నోట్లు ఇచ్చే తోటలో చేసిన రోజులకు రుజువు ఉండదు.

---

పద్దు_పుస్తకం:

డబ్బు లెక్క నేను చెప్తాను తమ్ముడూ.

2025 జూలై 1 నుంచి అక్కడి కనీస జీతం గంటకు 24.95 డాలర్లు. మనలాంటివాళ్లకు దొరికేది ఎక్కువగా క్యాజువల్ పని, దానికి 25 శాతం కలిపి 31.19. ప్రతి జూలై 1న ఇది మారుతుంది, కాబట్టి నువ్వు పోయే ఏడాది అంకె ఫెయిర్ వర్క్ (జీతాల రూల్స్ చూసే ప్రభుత్వ ఆఫీసు) వెబ్‌సైట్‌లో చూసుకో. క్యాజువల్ అంటే సెలవు జీతం ఉండదు, పని లేకపోతే డబ్బు లేదు. ఆ 25 శాతం దానికి బదులు ఇచ్చేదే.

మంచి వారం: 38 గంటలు, 1,185 డాలర్లు. వర్కింగ్ హాలిడే వాళ్లకు మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను, 178 పోతుంది. చేతికి 1,007. హాస్టల్ మంచం 250, వండుకు తింటే 100, ఫోను, బస్సు 60 అనుకో. మిగిలేది 600 దగ్గర.

చెడ్డ వారం: వాన పడి 15 గంటలే పని. 468 వస్తే పన్ను పోను 398. ఖర్చు అదే 410. చేతినుంచి 12 పడుతుంది.

పని లేని వారం: మైనస్ 410.

ఇప్పుడు ఏడాది వేసి చూడు. 52లో 30 మంచి వారాలు, 10 చెడ్డవి, 12 ఖాళీవి అనుకుందాం. ఖాళీ వారాలు 12 ఎక్కువని అనుకోవద్దు: దిగినప్పుడు రెండు మూడు, ఊరు మారిన ప్రతిసారీ ఒకటి రెండు, తిరగడానికి కొన్ని. మొత్తం ఆదాయం 40,230. మిగులు 18,000, ఖాళీ వారాల్లో పోయేది 4,920, చెడ్డ వారాల్లో ఇంకో 120. చేతిలో 13,000 దగ్గర. ఇందులోనే వీసా ఫీజు, విమానం, ఇన్సూరెన్స్, ఊరూరికీ బస్సు చార్జీలు, చూడాలనుకున్న చోట్లు అన్నీ. ఇంటికి నెలకు లక్ష పంపుతానని అమ్మానాన్నకు మాట ఇచ్చి పోవద్దు. అది వేరే వీసాల కథ. 45,000 దాటితే ఆపై డబ్బుకు 30 శాతం పన్ను పడుతుంది, అదీ గుర్తుపెట్టుకో.

దిగిన వెంటనే టీఎఫ్ఎన్ నంబరుకు (మన పాన్ లాంటి పన్ను నంబరు) అప్లై చెయ్యి. ఉచితం. ట్యాక్స్ ఆఫీసు వెబ్‌సైట్‌లోనే. పోస్టులో వస్తుంది, నాలుగు వారాల దాకా పట్టొచ్చు, అందుకని వచ్చేదాకా మారని అడ్రసు ఇవ్వు. నంబరు లేకుండా జీతం తీసుకుంటే సగానికి దగ్గరగా పన్ను కోస్తారు. యజమాని వర్కింగ్ హాలిడే వాళ్లను పెట్టుకునేవాడిగా ట్యాక్స్ ఆఫీసులో నమోదై ఉండాల, లేకపోతే 15 కాదు, 30 శాతం కోస్తాడు. ఇంటర్వ్యూలోనే అడుగు, మర్యాద తప్పేం కాదు.

సూపర్ అని పెన్షన్ డబ్బు ఒకటుంది. జీతం మీద 12 శాతం యజమాని వేరేగా వేస్తాడు. పై లెక్కలో 4,828. దాన్ని చూసి సంబరపడొద్దు. ఫండులోకి పోయేటప్పుడే 15 శాతం కోత, దేశం వదిలినాక వెనక్కి తీసుకునేటప్పుడు 65 శాతం పన్ను. చివరికి చేతికి 1,436 దగ్గర, ఫండు చార్జీలు పోతే ఇంకొంచెం తక్కువ. అయినా వదలొద్దు. వీసా ముగిసి దేశం దాటినాకే అప్లై చేయనిస్తారు. ఆన్‌లైన్‌లో ఉచితం, ఏజెంటు అక్కర్లేదు. ఊరు మారినప్పుడల్లా కొత్త యజమాని కొత్త ఫండు తెరిస్తే ఐదు చోట్ల ఐదు చార్జీలు తింటాయి. మొదటి ఫండు నంబరే అందరికీ ఇవ్వు.

వాళ్ల ఆర్థిక సంవత్సరం జూన్ 30కి ముగుస్తుంది, మన మార్చికి కాదు. రిటర్ను జూలై నుంచి అక్టోబరు 31లోపు.

---

కాణిపాకం_దారి:

అక్కా, ఇట్లాంటి లెక్క ఎవరూ చెప్పలేదు. తోతాపురి అన్నా, కెయిర్న్స్ సంగతి తెలియనే తెలియదు. ఇప్పుడు రెండు అనుమానాలు. ఎప్పుడు దిగితే మంచిది? ఒకే హోటల్లో ఏడాదంతా ఉండొచ్చా?

---

అలిపిరి_మెట్టు:

వీసా వచ్చినాక 12 నెలల్లోపు ఎప్పుడైనా దిగొచ్చు. ఏడాది గడియారం మొదలయ్యేది దిగిన రోజునుంచి. కాబట్టి నెల ఎంచుకునేది నువ్వే. ఈ ఒక్క నిర్ణయం మీదే సగం ఏడాది ఆధారపడి ఉంటుంది, జనం దీన్ని టికెట్ ధర చూసి తీసుకుంటారు.

ఉత్తరాన ఎండాకాలం, చలికాలం అని కాకుండా వాన నెలలు, వాన లేని నెలలు అని చూడు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు డార్విన్, కెయిర్న్స్ వైపు వానలు, తుపానులు. టూరిస్టులు తగ్గుతారు, హోటళ్లు గంటలు కోస్తాయి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ పని నిండుగా ఉంటుంది. దక్షిణాన సిడ్నీ, మెల్‌బోర్న్ వైపు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి, హోటళ్లకు చేతులు చాలవు. అందుకని నీ పనికి ఏప్రిల్ చివర దిగి ముందు ఉత్తరానికి పోవడం బాగుంటుంది. 88 రోజులు ముందే నిండుతాయి, తర్వాత వేసవికి దక్షిణానికి. ఆ రోజులను చివరి మూడు నెలలకు వాయిదా వేసినోళ్లే వీసా తేదీ దగ్గరపడేకొద్దీ ఏ తోటకైనా, ఎంత జీతానికైనా తల ఊపేది. అక్కడే మోసపోతారు.

ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలే. కొన్ని మినహాయింపులున్నాయి: అదే కంపెనీ వేరే ఊరి శాఖకు మారితే, తోట పని అయితే, ఉత్తరాన టూరిజం, హోటల్ పనయితే ఆరు నెలలు దాటొచ్చు. కాబట్టి కెయిర్న్స్ హోటల్లో అయితే రూలు అడ్డురాదు. కానీ నీది ఫ్రంట్ ఆఫీసు, కొన్నాళ్లకే వెళ్లిపోయే మనిషికి అంత నేర్పి పెట్టుకోవడానికి పెద్ద హోటళ్లు వెనకాడతాయి. మొదట గదులు సర్దే పని, బ్రేక్‌ఫాస్ట్ పని ఇస్తారు. తిరుపతిలో రిసెప్షన్ కౌంటర్ దగ్గర నిలబడినోడికి పక్క దుప్పట్లు మార్చడం మనసుకు కొంచెం కుచ్చుకుంటుంది. జీతం మాత్రం పెద్ద తేడా ఉండదు, ఆదివారం పనికి ఇంకా ఎక్కువే.

మద్యం పోసే చోట పని చేయాలంటే ఆర్‌ఎస్‌ఏ సర్టిఫికెట్, కట్టడం పనికి వైట్ కార్డ్. ఆర్‌ఎస్‌ఏ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఏ రాష్ట్రంలో పని చేస్తావో తేలినాకే డబ్బు కట్టు.

దెబ్బకొట్టేది ఏదని అడిగావు. ఎండా కాదు, చాకిరీ కాదు. మధ్యాహ్నం రెండింటి వేళ ఏమీ తోచని ఖాళీ. పని లేని రోజు, ఎనిమిది మంచాల గది, బయట బస్సు లేని ఊరు, చేతిలో ఫోను. డార్విన్ మనకంటే నాలుగు గంటలు ముందు, కెయిర్న్స్ నాలుగున్నర. సాయంత్రం ఆరుకు పని దిగి ఫోను చేస్తే ఇంట్లో మధ్యాహ్నం భోజనాల వేళ, వాళ్లు పడుకునే వేళకు నువ్వు నిద్రలో. రోజూ ఒకే టైం పెట్టుకోకపోతే రెండు నెలల్లో ఫోన్లు తగ్గిపోతాయి. ఊరినుంచి ఊరికి మారినప్పుడల్లా స్నేహితులూ మారతారు. నాలుగు వారాల్లో అన్నదమ్ములైపోయి ఐదో వారం బస్సెక్కుతారు. కొందరికి అదే ఈ ఏడాదిలో అన్నిటికంటే బాగుండేది, కొందరికి అదే భరించలేనిది. నువ్వెవరో ముందే తెలుసుకోవాలంటే చెన్నైలోనో బెంగళూరులోనో తెలియని మనుషులతో ఒక నెల పీజీలో ఉండి చూడు, చవగ్గా తేలిపోతుంది.

ఒంటికి బాగాలేకపోతే: మన దేశంతో వాళ్లకు మెడికేర్ (వాళ్ల ప్రభుత్వ వైద్యం) ఒప్పందం లేదు. ప్రైవేటు ఇన్సూరెన్స్ తీసుకోకుండా దిగొద్దు. అంబులెన్స్ బిల్లు, రాత్రి ఆసుపత్రి బిల్లు కలిస్తే పైన అక్క చెప్పిన 13,000 ఎగిరిపోతుంది. పనిలో దెబ్బ తగిలితే అది వేరే, యజమాని ఇన్సూరెన్స్ కిందకొస్తుంది. దెబ్బ తగిలిన రోజే రాతపూర్వకంగా చెప్పాల.

---

తోతాపురి:

అలిపిరి చెప్పిందాంట్లో ఒక్కటి కలుపుతా. మోసం గుర్తుపట్టే గుర్తులు ఇవి. పాస్‌పోర్టు మా దగ్గర పెట్టమంటే వద్దు. ఉద్యోగానికి డబ్బు కట్టమంటే వద్దు. 'ఏబీఎన్ తీసుకోని రా' అని తోట పనికి అంటే, నిన్ను కూలివాడిగా కాకుండా కాంట్రాక్టరుగా చూపించి సూపర్, ఇన్సూరెన్స్ ఎగ్గొట్టడానికి. పని కూడా చూపిస్తామనే వర్కింగ్ హాస్టళ్లు మంచం డబ్బు ముందు తీసుకోని 'పని వచ్చేవారం' అంటూ మూడు వారాలు నెడతాయి. రెండు వారాలకు మించి అద్దె ముందుగా కట్టొద్దు. మనిషిని సప్లై చేసే కంపెనీలకు క్వీన్స్‌లాండ్, విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాలో లైసెన్సు ఉండాల, పేరు కొడితే ఆన్‌లైన్ జాబితాలో కనబడుతుంది. కనబడకపోతే ఆ బస్సెక్కొద్దు. జీతం ఎగ్గొడితే ఫెయిర్ వర్క్ నంబరు 13 13 94. ఫోను చేస్తే వీసా పోతుందని యజమాని బెదిరిస్తాడు, వీసా రద్దు చేసే అధికారం వాడికి లేదు.

కారు కొనేటట్టుంటే పొద్దుగూకినాక పల్లె దారుల్లో తోలొద్దు. కంగారూ అడ్డం వస్తే బండి నుజ్జే. మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి మొదట చెల్లుతుంది, ఎన్ని నెలలన్నది రాష్ట్రాన్ని బట్టి.

---

రేణిగుంట_జంక్షన్:

బ్యాలెట్‌లో పేరు రాకపోతే ఏడాది వృథా చేసుకోకుండా బ్రిటన్ యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ కూడా చూడు. 18 నుంచి 30 వయసు, డిగ్రీ, 2,530 పౌండ్లు ఖాతాలో, రెండేళ్ల వీసా. ఏడాదికి 3,000 చోట్లు, అదీ లాటరీయే, పేరు వేయడం ఉచితం. ఖర్చు తర్వాత పడుతుంది: హెల్త్ సర్‌చార్జి ఒక్కటే రెండేళ్లకు 1,552 పౌండ్లు. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలే అన్న రూలు లేదు. అద్దెలూ చలీ మాత్రం ఆస్ట్రేలియా అంత దయగా ఉండవు.

---

కాణిపాకం_దారి:

అందరికీ థ్యాంక్స్. అమ్మ ఒకటే అడుగుతా ఉంది: ఆవకాయ, కరివేపాకు, స్వామి ప్రసాదం లడ్డు సంచిలో పెట్టొచ్చా?

---

పద్దు_పుస్తకం:

పచ్చి కరివేపాకు, విత్తనాలు, పళ్లు వద్దే వద్దు. మిగతా తినేవన్నీ ఏం తెచ్చినా విమానంలో ఇచ్చే కార్డుమీద 'ఉంది' అని గీత కొట్టాల. లడ్డులో నెయ్యి ఉంది, పాల సరుకు మీద వాళ్లకు పట్టుదల జాస్తి, తీసి పారేసే అవకాశమే ఎక్కువ. చెప్పి తీసేస్తే జరిమానా లేదు. చెప్పకుండా దొరికితే వేల డాలర్లు, వీసాకు కూడా ముప్పు. పారేస్తే అమ్మ బాధపడుతుందనుకుంటే లడ్డు చెన్నై ఎయిర్‌పోర్టులోనే తినేసి పో. సిడ్నీ వైపు పోయినప్పుడు హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, దర్శనం అక్కడ చేసుకోవచ్చు. ఆవకాయ కంపెనీ సీలున్న డబ్బా అయితే దానిమీద ఏముందో వాళ్లకు చదవడం తేలిక. ఇంటి సీసా అయితే ఏం కలిపారో నువ్వే నిలబడి చెప్పాల, వెనక క్యూ పెరుగుతా ఉంటుంది.